కాళ్ళు తుడుచుకుని రా, సముద్రమా

మా 'జెరికో' మోగితే లిటిల్ రెస్ట్ రేవులో సముద్రం రెండు గజాలు వెనక్కి జరిగేది. నమ్మకపోతే మీ ఇష్టం. అలా జరిగినప్పుడు బయటపడ్డ ఇసుకలో నాకు ఒక ఉంగరం దొరికింది. దాన్నే ఐసిల్డా వేలికి తొడిగాను. ఆవిణ్ణి అడిగితే మాత్రం పోర్ట్ ఆంటోనియో అంగట్లో కొన్నదంటుంది. నలభై ఏళ్ళుగా నేను చెప్పే ప్రతి మాటకీ నా భార్య దగ్గర ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది.

జెరికో అంటే మా సౌండ్, ఊరంతటికీ పాటలు వినిపించే సరంజామా. ఎనిమిది స్పీకరు పెట్టెలు, ఒక్కోటి బీరువా అంత. దేవదారు చెక్కతో నా చేతుల్తో చేశాను. నేను వడ్రంగిని. పేరు ఎబెనీజర్, ఊరందరికీ అంకుల్ ఎబ్. వారమంతా కిటికీలూ శవపేటికలూ చేసి, ఆదివారం చర్చి విడిచాక ఆ పెట్టెల్ని ఒడ్డున రెండు గోడల్లా నిలబెట్టి, ప్లేటు మీద ముల్లు ఆనించేవాణ్ణి. బేస్ మోత చెవికి చేరకముందే కడుపులో తెలిసేది. కీళ్ళనొప్పుల ముసలమ్మలు పెట్టెలకి వీపు ఆనించి కూర్చుని, పాట అయ్యాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి ఇంటికి పోయేవాళ్ళు. కోళ్ళు తాళం తప్పకుండా గుడ్లు పెట్టేవి. కోళ్ళ సంగతి ఒక్కటీ కాస్త ఎక్కువ చెప్పి ఉంటాను.

మా వైపు పాట బాగుంటే చప్పట్లు కొట్టరు. రేకుల కంచె మీద అరచేత్తో దబదబా బాదుతారు. ఆ చప్పుడు వినపడిందా, ముల్లు దగ్గర నిలబడ్డవాడు పాట ఆపెయ్యాలి. ముల్లెత్తి, ప్లేటు వెనక్కి తిప్పి, మొదటి నుంచి మళ్ళీ వెయ్యాలి. పాట సగంలో తెగిందని ఎవరూ బాధపడరు. ఒక్కసారీ తెగకుండా చివరిదాకా వెళ్ళిపోయిన పాటని చూస్తేనే మాకు జాలి. ఇది మాకు నేర్పితే వచ్చింది కాదు, ఎముకల్లోనే ఉంది. నా పెళ్ళిలో పాస్టరుగారు "ఈ స్త్రీని నీవు" అన్నంతలో ఎవరో సంతోషం పట్టలేక చర్చి రేకు మీద బాదారు. పాస్టరుగారు మా ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. చెయ్యి పైకెత్తి, పుస్తకం మూసి, మొదటి ప్రార్థన దగ్గర్నుంచి మళ్ళీ అందుకున్నారు. అందుచేత నాకు ఒకే మనిషితో రెండుసార్లు పెళ్ళయింది.

"రెండోసారి అడిగినప్పుడైనా కాదని ఉండాల్సింది," అంటుంది ఐసిల్డా.

లాసెల్స్, ఎగ్లన్ ఇద్దరూ ఒకే ఆదివారం నా దగ్గరికి వచ్చారు. లాసెల్స్ చెరకు తోటల్లో పనిచేసేవాడు. పొడుగ్గా, మెల్లగా, ఎప్పుడూ మబ్బుల్లో ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉండేవాడు. వాడు పాడితే ఎండలో ఉన్నవాళ్ళకి కూడా ఎవరో తడిబట్ట కప్పినట్టుండేది. ఎగ్లన్ రోడ్డు పక్కన కంకర కొట్టేవాడు. వాడి గొంతూ అంతే. వాడు పాడడు, తాళం మీద మాటలు విసురుతాడు. గుప్పెడు గులకరాళ్ళు రేకు మీద దొర్లించినట్టు. ఇద్దరికీ మైకు కావాలి, ఇద్దరికీ ముందే కావాలి. ఆరోజు నా రెండో మైకు పాడైంది. ఎలా పాడైందని అడక్కండి. దాని తీగ నా జేబులో ఎందుకుందని అసలే అడక్కండి.

సరే, ఒక్క మైకునే పంచుకోమన్నాను. లాసెల్స్ కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. సముద్రం ఒక పిల్ల గుమ్మం దాకా వచ్చిందట. ఏమీ అనకుండా నిలబడిందట. నీ పేరేమిటని అడిగిందట. వినేవాళ్ళ కళ్ళు సగం మూతలు పడ్డాయి. అంతలో ఎగ్లన్ మైకు లాక్కుని ఆ పిల్ల తరఫున జవాబు చెప్పాడు: "ఎవరది, సముద్రమా? ఆగు. కాళ్ళు తుడుచుకుని రా. ఇప్పుడే కడిగిన గచ్చు ఇది."

ఆరోజు జనం బాదిన బాదుడికి నా కంచె పడిపోయింది. ఆ పాట పదకొండుసార్లు మొదలై ఒక్కసారీ పూర్తికాలేదు. ఆ సాయంత్రం నుంచే వాళ్ళిద్దరూ కేన్ అండ్ స్టోన్ అయ్యారు. ఒకడు చెరకు, ఒకడు రాయి. ఒక రొట్టె కొంటే రెండు ముక్కలు. ఒకడు మొదలుపెట్టిన మాట ఇంకొకడు పూర్తిచేసేవాడు. లాసెల్స్ చెప్పులు ఎక్కడ మరిచిపోయాడో ఎగ్లన్‌కి తెలిసేది. ఎగ్లన్ ఎవరితో తగువు పెట్టుకుంటే వాళ్ళకి లాసెల్స్ వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చేవాడు.

ఐసిల్డా ఇద్దరికీ తిండి పెట్టేది గానీ ఎగ్లన్‌ని వదిలేది కాదు. "నీ గొంతు వింటుంటే నా పళ్ళు అరిగిపోతున్నాయిరా," అనేది.

"మీకు మిగిలినవి నాలుగే కదా మిస్ ఐసిల్డా. అవి అరిగితే తిట్లు మెత్తగా వస్తాయి," అనేవాడు వాడు, ఇంకో పిండి ఉండ పళ్ళెంలో వేసుకుంటూ.

రెండేళ్ళ తర్వాత లండన్ నుంచి ఒక రికార్డుల కంపెనీ మనిషి వచ్చింది. మిస్ హారియెట్. సన్నగా, ఎండకి ముక్కు ఎర్రబడి, మర్యాదగా ఉండేది. కింగ్‌స్టన్‌లో వాళ్ళిద్దరి చేత పది పాటలు పాడించింది. అన్నీ కలిపి ఒక పెద్ద రికార్డు వేసి, సముద్రాలు దాటించి, మన పాటలు ఎన్నడూ వినని వాళ్ళ చేత కూడా కొనిపించాలని ఆమె పట్టుదల. ఇక మిగిలింది పదకొండోది, సముద్రం పాట. రికార్డులో మొదట నిలబడాల్సింది అదే. కానీ దాని వాద్యాలు పట్టిన టేపు ఆ వానాకాలం నీళ్ళలో నాని బూజుపట్టిపోయింది. వాయించినవాళ్ళలో ఒకరు కెనడా, ఒకరు పరలోకం చేరిపోయారు. లోకంలో ఆ సంగీతం మిగిలింది ఒక్కచోటే, నా ప్లేటు మీద.

జెరికోలో వేసుకోవడానికి, మాటల్లేకుండా వాద్యాలు మాత్రమే మెత్త ప్లేటు మీద చెక్కించి తెచ్చుకున్నాను. మెత్త ప్లేటంటే సబ్బులాంటిది. వేసిన ప్రతిసారీ ముల్లు పాటని కొంచెం తినేస్తుంది. చివరికి వాన చప్పుడే మిగులుతుంది.

"ఇంకా ఎన్నిసార్లు మోగుతుంది మిస్టర్ ఎబెనీజర్?" అని అడిగింది మిస్ హారియెట్, మా వంటపాక ముందు బల్ల మీద కూర్చుని.

ప్లేటు వెలుతురుకెత్తి చూశాను. వాసన చూశాను. నాలుకతో కూడా చూసేవాణ్ణే గానీ ఐసిల్డా గుడ్లురిమింది.

"ఒక్కసారి మేడమ్. మహా అయితే ఒకటిన్నర. ఆ తర్వాత మోగేది దాని దయ్యం."

ఆమె తల ఊపి, పుదీనా టీ చాలాసేపు కలిపింది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. "అయితే ఒకేసారి పట్టెయ్యాలి," అంది. "ఇంకో సంగతి. ఈ పాట లాసెల్స్ ఒక్కడే పాడాలి. మావాళ్ళకి ఆ గొంతు బాగా నచ్చింది. ఎగ్లన్ మాటలు అక్కడ ఎవరికీ అర్థం కావడం లేదు. రికార్డు మీద పేరు కూడా..." మళ్ళీ చెంచా తిప్పింది. "ఒక్క పేరే ఉండాలంటున్నారు. ముందు పాటలో ఉన్నవాడి పేరే అట్ట మీద ఉంటుంది."

ఎగ్లన్ పచ్చి అరటికాయ తొక్క తీస్తున్నాడు. చాకు ఆగలేదు. "నా మాటలు మా అమ్మకే అర్థమయ్యేవి కాదు మేడమ్. పాపం లండన్ ఏం చేస్తుంది?" అన్నాడు.

లాసెల్స్ మబ్బుల్లోంచి దిగి వచ్చాడు. "నువ్వు వద్దంటే నేను పాడను ఎగ్లన్."

"పాడకపోతే ఆ పది పాటలూ వాళ్ళ బీరువాలో చెదలు పడతాయి. పాడవయ్యా. నీ గొంతు అంత దూరం పోతే నాకు సంతోషం కాదా? నాకేం, ఇక్కడ మేకలు ఎలాగూ నా మాట వింటాయి."

"మేకలా? నీ గొంతు వింటే అవి కంచె దూకి పారిపోతాయి," అంది ఐసిల్డా.

మామూలుగా అయితే దీనికి వాడి దగ్గర మూడు జవాబులుండేవి. ఆరోజు ఒక్కటీ రాలేదు. అరటికాయ ఒలిచి గిన్నెలో వేసి, చాకు కడిగి, దాని చోట దాన్ని పెట్టి, రేవు వైపు వెళ్ళిపోయాడు.

ఐసిల్డా నా వైపు తిరిగింది. "ఏవయ్యా, ఊళ్ళో ప్రతి తగువులో నీ నోరు ఉంటుంది. ఇవాళ ఏమైంది దానికి?"

"నా చేతిలో ముల్లు తప్ప ఏముందే?"

"ఇన్నేళ్ళుగా అదే చాలునన్నావుగా," అని గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం కొండల మీంచి మంచు దిగింది. మా వైపు ఆ మంచు ఎండా కాదు, వానా కాదు. దానిలోంచి చూస్తే ఎదురింటి ఆవు కూడా ఎవరో చెబుతున్న కథలోని ఆవులా ఉంటుంది. జెరికో పెట్టెలు నాలుగు నా వడ్రంగి పాకలోకి చేర్చాను. గోడలకి పరుపులు, వాటికి ఆనించి సగం చేసిన మూడు శవపేటికలు. వాటిలో మోత బాగా తిరుగుతుందని నా అనుభవం. పైన రేకుల కప్పు, దాని మీదికి వంగిన సీమపనస చెట్టు. మధ్యలో ఒకే ఒక్క మైకు. సంగీతం జెరికో పెట్టెల్లోంచి గదిలోకి రావాలి, గొంతు దానిలో కలవాలి, రెండూ ఒకే గాలిలో టేపు మీదికి ఎక్కాలి. అలా అయితేనే పాడగలనన్నాడు లాసెల్స్. చెవుల మీద డిప్పలు పెట్టుకుని పాడితే తన గొంతు తనకే పరాయిదానిలా ఉంటుందట. మిస్ హారియెట్ ఒప్పుకుంది.

మేకల్ని తోలేశాం. కోళ్ళని పొరుగింటికి పంపాం. ఐసిల్డాని కూడా చర్చి దాకా వెళ్ళి రమ్మన్నాను. "నా పెరట్లోంచి నన్నే పొమ్మంటున్నావా? సాయంత్రం ఈ పట్నం పిల్లకి ఏం పెడతావు, నీ కబుర్లా?" అని పెరట్లోనే ఉండిపోయింది. ఎగ్లన్ వస్తాడనుకోలేదు. వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. కిటికీ కింద మెట్టు మీద కూర్చుని, గోడకి వీపు ఆనించి, చేతిలో గులకరాళ్ళు ఒక్కొక్కటీ మంచులోకి విసురుతున్నాడు. రాయి పడ్డ చప్పుడు వినపడేది కాదు. మంచు పట్టుకుని దాచుకుంటోందేమో.

మిస్ హారియెట్ టేపు తిప్పి వేలు చూపించింది. నేను ముల్లు ఆనించాను.

ముందు బేస్ వచ్చింది. నేలలోంచి వచ్చి మోకాళ్ళ దాకా నిండింది. తర్వాత లాసెల్స్. ఆ గొంతు గురించి ఇన్నేళ్ళలో ఎన్నో అబద్ధాలు చెప్పాను గానీ ఆరోజు గురించి చెప్పడానికి అబద్ధం అక్కర్లేదు. కిటికీలోంచి మంచు లోపలికి వచ్చింది. వచ్చి, శవపేటికల మీద కూర్చుని విన్నది. సముద్రం గుమ్మం దాకా వచ్చింది. ఏమీ అనకుండా నిలబడింది. నీ పేరేమిటని అడిగింది.

అక్కడ ఖాళీ. ఎగ్లన్ మాటలు ఉండాల్సిన చోట తాళం ఒక్కటే నడుస్తోంది. లాసెల్స్ నోరు సగం తెరిచి నిలబడ్డాడు. మెట్టు మీద ఎగ్లన్ తల గోడకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వాడి పెదవులు కదిలాయి, చప్పుడు లేదు. సముద్రం గుమ్మంలో నిలబడే ఉంది. పలికేవాళ్ళు లేరు.

అప్పుడు రేకు మోగింది.

ధాం. ధాం. ధాం.

నేను ఆలోచించి ముల్లు ఎత్తానంటే అది అబద్ధం. నా అబద్ధాలు నేను గుర్తుపట్టగలను. చెయ్యి దానంతటదే లేచింది. చూస్తే లాసెల్స్ చెయ్యి కూడా గాల్లో ఉంది, కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. ప్లేటు వెనక్కి తిప్పాను. పెద్ద పక్షి ఏదో రెక్కలు విదిల్చినట్టు చప్పుడైంది. ముల్లు మొదటికి దింపాను.

పాట మొదటికి వచ్చినప్పుడు దాన్ని మళ్ళీ లోపలికి పిలవాల్సింది ఎప్పుడూ గరుకు గొంతే. అది కూడా ఎముకల్లోదే. ఎగ్లన్ లేచి కిటికీలోంచి నడుం దాకా లోపలికి వంగి ఉన్నాడు. తను ఎక్కడున్నాడో వాడికి తెలిసినట్టు లేదు.

"ఎవరది, మళ్ళీ వచ్చావా సముద్రమా? ఇందాక చెప్పింది వినలేదా? కాళ్ళు తుడుచుకుని రా."

లాసెల్స్ నవ్వుతూ పాట అందుకున్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ టేపు మీద ఉంది. ఇక ఆగింది లేదు. ఒకడు సముద్రాన్ని తీసుకొస్తాడు, ఒకడు గుమ్మంలో నిలబెట్టి తగువు పెడతాడు. మీ ఇంట్లో చేపలకి అన్నం పెట్టి వచ్చావా అంటాడు. ఉప్పు తెచ్చావు సరే, పప్పు ఏదీ అంటాడు. మిస్ హారియెట్ చెయ్యి టేపు ఆపడానికి మీట దాకా వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. సగం పాట అయ్యేసరికి ఆమె పాదం తాళం వేస్తోంది. దాని సంగతి ఆమెకి తెలియదనుకుంటాను.

పాట చివరికి వచ్చింది. ప్లేటు మీద వాన చప్పుడు మొదలైంది. సరిగ్గా అప్పుడే పైన రేకు మీద నిజం వానా మొదలైంది. ఏది ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ మొదలైందో మా నలుగురిలో ఎవరం చెప్పలేం.

"ఏం జరిగింది?" అంది మిస్ హారియెట్.

"రేకు మోగింది మేడమ్," అన్నాను.

"మోగితే?"

"మొదటికి రావాలి మేడమ్."

ఆమె లాసెల్స్ వైపు చూసింది. రేకు మోగితే మొదటికి రాక ఇంకేం చేస్తారన్నట్టు వాడు ఆమె వైపు చూశాడు.

"ఎవరు మోగించారు?"

"సీమపనస కాయలు. మా జెరికో బేస్‌కి కాయలు రాలడం మామూలే. ఒకసారి కొబ్బరికాయ రాలి పన్నులు వసూలు చేసే ఆయన..."

"మళ్ళీ వెయ్యండి మిస్టర్ ఎబెనీజర్."

ముల్లు దింపాను. వాన. పక్కకి జరిపాను. ఇంకా వాన. పాట వెళ్ళిపోయింది.

ఎగ్లన్ ఇంకా కిటికీలోనే ఉన్నాడు, వీపు మీద వాన పడుతోంది. వాడి ముఖం చూడలేకపోయాను. "మేడమ్, కావాలని చెయ్యలేదు," అన్నాడు. "ఒట్టు. నోటికి అలవాటైపోయింది. వాడి పాట నేను పాడుచేశాను."

"టేపు మీంచి ఇతని గొంతు విడదీయలేమా?" అని ఆమె తనలో తనే అనుకుంది. ఒకే మైకు. కొబ్బరిపాలలో అన్నమూ చిక్కుడుగింజలూ కలిసి ఉడికాక, అన్నం ఒక్కటీ వేరుగా వడ్డించమంటే ఎలా?

అప్పుడు లాసెల్స్ మాట్లాడాడు. ఎప్పుడూ ఎవరికీ కాదని చెప్పని మనిషి. "ఇంకో ప్లేటు దొరికినా నేను ఒక్కణ్ణీ పాడను మేడమ్. ఇందాక ఆ ఖాళీలో నాకు ఊపిరాడలేదు. మీకు కావాలంటే ఇది తీసుకోండి. వద్దంటే ఆ పదీ కూడా వదిలెయ్యండి."

మిస్ హారియెట్ టేపు వెనక్కి తిప్పి విన్నది. ఒకసారి పూర్తిగా. రెండోసారి ఎగ్లన్ గొంతు వచ్చిన చోట ఆపింది. "ఇక్కడ ఏమంటున్నావు? మెల్లగా చెప్పు."

ఎగ్లన్ మెల్లగా చెప్పాడు. కాళ్ళు. తుడుచుకుని. రా.

ఆమె ఆ మాటలు పెదవుల మీదే ఒకసారి పలికి చూసుకుంది. తర్వాత ఎర్రముక్కు కదిలింది, భుజాలు కదిలాయి. నవ్వుతోంది. "మా నాన్నతో మా అమ్మ రోజూ అనేది ఇదే," అంది. "ఇది అర్థంకాని ఇల్లు ఎక్కడుంటుంది?" సంచీలోంచి కాగితం తీసి కిటికీ దగ్గరికి వెళ్ళింది. "మీ పేర్లు రెండూ ఎలా రాస్తారో దీని మీద రాసివ్వండి. తడవకుండా."

ఎగ్లన్ తన పేరు రాయడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. జుట్టు నుంచి కారే వాన కాగితం మీద పడుతోంది. లాసెల్స్ కాగితం తీసుకుని ఇద్దరి పేర్లూ రాశాడు. ముందు ఎగ్లన్‌ది.

సాయంత్రం ఐసిల్డా ఆ మూడు సీమపనస కాయలూ పిమెంటో అనే మసాలా చెట్టు కట్టెల మీద కాల్చింది. ఉప్పుచేపతో వడ్డించింది. మిస్ హారియెట్ రెండుసార్లు వేయించుకుంది. ఎగ్లన్‌కి జవాబులు తిరిగి వచ్చాయి. సముద్రం కన్నా మిస్ ఐసిల్డా గుమ్మం దాటడమే కష్టమన్నాడు. ఆవిడ వాణ్ణి గరిటెతో కొట్టి ఇంకో ముక్క వేసింది.

నేను చెట్ల కింద పెరిగినవాణ్ణి. సీమపనస తనంతట తాను రాలితే పండి, మెత్తబడి, రేకు మీద పడగానే చితికిపోతుంది. ఈ మూడూ పచ్చిగా, గట్టిగా ఉన్నాయి. పొయ్యి పక్కన పడి ఉన్న తొడిమల నుంచి తెల్లటి పాలు ఇంకా కారుతున్నాయి. కాయలు కోసే వెదురు గడ ఉండాల్సిన మూల ఖాళీగా ఉంది. ఐసిల్డా అరచేతులు కొబ్బరినూనెతో మెరుస్తున్నాయి. సీమపనస పాలు అంటుకుంటే పోగొట్టడానికి మా ఆడవాళ్ళు అదే రాస్తారు.

"ఏంటా చూపు?" అంది.

"ఏం లేదు. మా జెరికో బేస్ ఎంత గొప్పదో చూశావా అని."

"చూశాను. తిను."

ఆ రికార్డు నాకు పేర్లు పలకడం రాని ఊళ్ళకి కూడా వెళ్ళింది. అట్ట మీద ఇద్దరూ ఉన్నారు, ఎగ్లన్ కొంచెం ముందు. ఆ మూడు దెబ్బల్నీ చెరిపెయ్యాలని లండన్‌లో అనుకున్నారట, మిస్ హారియెట్ ఒప్పుకోలేదు. బర్మింగ్‌హామ్‌లో ఆ చోటు రాగానే బస్సులో ఉన్నవాళ్ళంతా కిటికీల మీద మూడుసార్లు కొడతారని, డ్రైవరు బస్సుని వెనక్కి తిప్పి డిపో దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెడతాడని అక్కడికి పాడటానికి వెళ్ళిన ఎగ్లన్ ఉత్తరం రాశాడు. నేను నమ్మాను. కథలు చెప్పడం వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు.

కొండల మీంచి మంచు దిగిన మధ్యాహ్నాలు ఇప్పటికీ ఆ రికార్డు వేసుకుంటాను. మూడు దెబ్బలూ వినపడగానే నా చెయ్యి ముల్లు మీదికి పోతుంది. వంటపాకలోంచి ఐసిల్డా, "మళ్ళీ మొదటికా? చాల్లే," అంటుంది. అంటూనే గుమ్మం దగ్గరికి వచ్చి, అక్కడ వేసి ఉన్న గోనెపట్టా కాలితో సరిచేసి వెళ్తుంది.

మర్నాడు పొద్దున చూస్తే ఆ పట్టా తడిగా, ఉప్పగా ఉంటుంది. కుక్క పని అంటుంది ఆవిడ.

మాకు కుక్క లేదు.